నూలుపిల్లల వెంట

వరద, 14వ రోజు

పొద్దు పొడవక ముందే సంచివల దించాను. పావుగంట ఉంచి ఎత్తాను. తెల్ల పళ్ళెంలో పోసి భూతద్దం కింద లెక్కపెడితే రెండు వేల ఆరు వందల నలభై చేపపిల్లలు వచ్చాయి. సగం బొచ్చెలు, కొన్ని రవ్వులు, మిగతావి ఏ జాతో చెప్పలేనంత లేతవి. గుడ్డులోంచి బయటపడి రెండు రోజులు కూడా అయి ఉండదు, పొట్ట కింద సొన సంచి ఇంకా కరగలేదు. వీటిని మేం నూలుపిల్లలంటాం. కళ్ళ చుక్కలు రెండూ లేకపోతే తెగిన దారప్పోగులే అనుకోవాలి. లెక్క కాగానే పళ్ళెం నీళ్ళలోకి వంచాను. ఒక చుట్టు తిరిగి దిగువకు వెళ్ళిపోయాయి.

ఇంద్రావతి గోదావరిలో కలిసే చోట, ఏటి చేపల్ని లెక్కపెట్టే మా ఠాణా. పాత ఆనకట్టలన్నీ తీసేశాక ఇక్కడినుంచి సముద్రం దాకా నీటికి అడ్డం లేదు. ఆ చివర, దిబ్బ ఠాణాలో, ఇదే పని మా ఆయన ఓదెలు చేస్తాడు. ఎన్ని బయల్దేరాయో నేను చెప్తాను, ఎన్ని చేరాయో ఆయన చెప్తాడు. ఈ పని యంత్రాలకు అప్పగించి చూశారట. అవి బురదనీటిలో గడ్డిపోచనీ చేపపిల్లనీ ఒకటే అనుకునేవి.

తంతి తీగ మీద ఠాణాకి రోజుకు ఒక్క అంకె పంపనిస్తారు. ఈ రోజు ఆయన అంకె 1,105. నాలుగు వరదలుగా మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు ఇవే. అంకె పొద్దున్నే వస్తే ఒంట్లో బాగున్నట్టు. మధ్యాహ్నం దాటి వస్తే జ్వరమన్నా వచ్చి ఉండాలి, వలన్నా తెగి ఉండాలి. ఈ రోజు పొద్దున్నే వచ్చింది.

అక్కడి లెక్కదారు చనిపోతే ఓదెలు ఒక్క వరదకే అని వెళ్ళాడు. దిగడానికి తెప్ప మీద ఆరు రోజులు. ఎక్కడానికి ఎడ్లు లాగే పడవలో నలభై. వరదల్లో పిల్లల లెక్క, చలికాలంలో ఎదురెక్కే పెద్ద చేపల లెక్క. ఖాళీ నెలా లేదు, మారుమనిషీ లేడు.

వరద, 17వ రోజు

నా లెక్క 2,910. ఆయనది 340.

తీగ మీద తప్పు విన్నదేమో అని లింగవ్వను మళ్ళీ అడిగాను. లింగవ్వ మా ఠాణా పెద్ద. నాకు ఈ పని నేర్పింది ఆమే. ఇప్పుడు కళ్ళకు పొర కమ్మి భూతద్దం పట్టలేకపోతోంది గానీ చెవులు గట్టివి. మూడు వందల నలభయ్యే, అంది.

వరద, 19వ రోజు

నా లెక్క 2,875. ఆయనది 0.

వరదలో సున్నా నేనెప్పుడూ వినలేదు. రోజంతా వల కుట్టుకుంటూ కూర్చున్నాను. కుట్టినచోటే మళ్ళీ కుట్టాను.

వరద, 24వ రోజు

ఆరో సున్నా.

పిల్లలు ఎక్కడో ఆగిపోతున్నాయని లింగవ్వ అంటోంది. నీళ్ళు కదిలినంతసేపే నూలుపిల్ల బతుకుతుంది. ఎక్కడైనా కట్ట కూలి, పాయ మూసుకుని, నీళ్ళు నిలిచిపోతే అడుగుకు దిగి బురదలో ఊపిరాడక చస్తుంది. మూడు వందల మైళ్ళలో అలాంటి చోటు ఒక్కటి ఉంటే చాలు.

సాయంత్రం గంజి తాగుతూ, ఏటి పెత్తనం చూసే నదీసభ నియమం గుర్తు చేసింది. వరదలో వరసగా ఇరవై ఒక్క సున్నాలు వస్తే ఏటిలో చేప లేనట్టు లెక్క. అప్పుడు సముద్రం దగ్గర ఏటికి అడ్డంగా దించే తలుపులు ఏడాది పొడుగునా మూసేసి మంచినీళ్ళు నిలవ చేసుకోవచ్చు. కోస్తా పట్నం పదేళ్ళుగా అదే అడుగుతోంది. తలుపులు మూస్తే దిగువన పిల్లలు పెరిగే మడుగుల్లోకి నీళ్ళు పారవు. అప్పుడు నిజంగానే చేప ఉండదు. దిబ్బ ఠాణా ఎత్తేస్తారు.

ఎత్తేస్తే ఓదెలు ఇంటికి వస్తాడు.

ఈ మాట లింగవ్వ అనలేదు. నేనే అనుకున్నాను. అనుకున్నాక చాలాసేపు గంజి గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఈ పుస్తకంలో రాయకూడనిది రాస్తున్నాను. ఈ రోజు సున్నా విన్నప్పుడు, పిల్లల కోసం గుండె జారిన చోటే, ఇంకేదో కూడా కదిలింది. ఆయన చెప్పులు గడప దగ్గర చూసినట్టు అనిపించింది.

వరద, 27వ రోజు

తొమ్మిదో సున్నా. నేనే వెళ్తానన్నాను. పిల్లల వెంబడే దిగుతూ, చోటు చోటునా వల వేసి చూస్తే ఎక్కడ తప్పిపోతున్నాయో తెలిసిపోతుంది.

ఇక్కడి లెక్క ఎవరు చూస్తారని లింగవ్వ అడగలేదు. భూతద్దం తీసుకుని తన కంటికి దగ్గరగా, ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసింది. పొద్దుటి వెలుతురులో పర్వాలేదు, కొంచెం అటూ ఇటూ అవుతుంది అంది. తర్వాత నా మొహంలోకి కూడా అలాగే దగ్గరగా చూసింది.

"చేపల కోసమే పోతున్నవా బిడ్డా?"

రెండింటి కోసం అన్నాను. సరే, అబద్ధం ఆడలేదు, పో అంది.

వరద, 28వ రోజు

తెప్ప నడిపేది ముత్తయ్య. అరవై దాటిన మనిషి, శబరి ఒడ్డు వాడు. ఏరు ఎక్కడ ఒరుసుకుని పారుతుందో, ఎక్కడ సుడి పెడుతుందో రంగు చూసి చెప్తాడు. వరదకాలం ఇంజన్లు నిషేధం కాబట్టి చేతిలో గెడ తప్ప ఇంకేమీ లేదు. పొద్దుగూకితే ఒడ్డున కట్టేస్తాం.

చీకటి పడబోతుండగా మొదటి వల వేశాను. 2,700. అన్నీ బతికే ఉన్నాయి. ఇక్కడిదాకా దిగులు లేదు.

వరద, 29వ రోజు

వాన. ఏటూరునాగారం దాటాం. ఒడ్డున కూలిన కట్టేమన్నా ఉందేమోనని కళ్ళు చిట్లించి చూస్తూనే ఉన్నాను. లేదు.

పిల్లల్ని నీళ్ళు ఈడ్చుకుపోతాయని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. పగలు అవి లోతుకు దిగి దాక్కుంటాయి. వెలుగు తగ్గగానే పైకి తేలి ప్రవాహానికి ఒళ్ళు అప్పగిస్తాయి. పొట్టలో సొన అయిపోయి ఆకలి మొదలయ్యాక మెల్లగా ఒడ్డువైపు జరుగుతాయి. నీళ్ళు మళ్ళిన పొలమో, మడుగో దొరికితే అందులో దూరిపోతాయి. కొన్ని ఇక్కడే ఆగుతాయి, కొన్ని సముద్రం దాకా పోతాయి. ఏది ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఓదెలు వెళ్ళిన రోజు కూడా ఇంతే. సభవాళ్ళు పంపారని అందరితో చెప్పుకున్నాను. చెయ్యి ఎత్తింది ఆయనే. ఎవరో ఒకరు పోకపోతే లెక్క ఆగిపోతుంది కదా అన్నాడు. నేను వద్దనలేదు.

సాయంత్రం వలలో 2,450.

వరద, 30వ రోజు

భద్రాచలం దిగువన వల వేశాను. 2,200. తగ్గడం తగ్గాయి, కానీ ఏటా తగ్గినంతే. దారిలో సగం మడుగుల్లోకి పోవాల్సిందే కదా. ముందరేదో ఉంది. రేపు శబరి కలిసే చోట కనబడుతుంది, రెండు నదులు ఢీకొనే చోట నీళ్ళు నిలవడానికి వీలుంది అని ముత్తయ్యతో అన్నాను. ఆయన తల ఊపి గెడ అందుకున్నాడు.

పక్కన నీళ్ళు, పైన నీళ్ళు, బట్టలు ఆరడం లేదు. అయినా తెప్ప మీద కూర్చుంటే నాకు ఒకటే ఆలోచన. గెడ వెయ్యకపోయినా ఇది ఆయన దగ్గరికే పోతుంది. నాలుగు వరదలుగా కట్ట మీద నిలబడి ఈ నీళ్ళనే చూశాను, ఒక్కసారి అందులోకి అడుగు పెట్టి ఉంటే ఆరు రోజుల్లో చేరేదాన్ని.

వరద, 31వ రోజు

కూనవరం. శబరి ఎర్రగా వచ్చి కలుస్తోంది. కలిసే చోట నీళ్ళు నిలవలేదు, తోసుకుంటూ పోతున్నాయి. వలలో 3,050. శబరి పిల్లలు కూడా చేరాయి, పెరగడమే న్యాయం.

ఇక్కడి తీగ గుడిసెలో దిబ్బ నుంచి పొద్దున వచ్చిన అంకె అడిగాను. సున్నా. పదమూడోది.

వరద, 32వ రోజు

పాపికొండల నడుమ ఏరు సన్నబడి, కొండల్ని ఒరుసుకుంటూ ఉరుకుతుంది. అక్కడ వల వేస్తే మనిషితో సహా కొట్టుకుపోతుంది. ఇరుకు దాటాక, ఏరు వెడల్పయిన చోట వేశాను. ఇక మిగిలింది ఇదొక్కటే. ఇక్కడ లేకపోతే ఇరుకులో ఏదో జరిగిందన్నమాట.

వల బరువుగా లేచింది. మూడుసార్లు లెక్కపెట్టాను. 2,120. రెండోరోజు పిల్లలు కావివి, ఆరోరోజువి. వెన్ను మీద నల్ల గీత వచ్చింది, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పళ్ళెంలో నీడ పడితే అన్నీ ఒక్కసారి పక్కకు తిరిగాయి.

ఇక్కడి నుంచి దిబ్బకు ఒక్క పగటి ప్రయాణం. నడుమ కూలడానికి కట్టా లేదు, మూసుకుపోయేంత సన్న పాయా లేదు.

పళ్ళెం పట్టుకుని అలాగే కూర్చున్నాను. ముత్తయ్య తెప్పను ఒడ్డుకు ఆనించి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, చేపలు తప్పిపోలేదు."

"తెలుసు."

"భద్రాచలంలోనే అనుకున్నా. మీరు అనే దాకా నేను అనకూడదని ఊరుకున్నా."

పళ్ళెం నీళ్ళలో వంచాను. పళ్ళెం జారి కొన్ని పిల్లలు తెప్ప దుంగల మీద పడ్డాయి. ముత్తయ్య ఒక్కొక్కదాన్నే తడి వేలి మీదికి ఎక్కించి ఏట్లో వదిలాడు.

వరద, 33వ రోజు

మధ్యాహ్నం దిబ్బ కనబడింది. ఏటి నడుమ పొడుగాటి ఇసక మేట, దాని మీద కొయ్య కాళ్ళ గుడిసె. అవతల దూరంగా సముద్రపు తలుపులు, ఇనప గోడల్లా పైకెత్తి ఉన్నాయి. వాటి కింది నుంచి ఉప్పు గాలి వస్తోంది.

ఓదెలు మంచె మీద ఉన్నాడు. వల నీళ్ళలోనే ఉంది. తెప్ప దగ్గరికి వచ్చేదాకా ఎవరో తెలియనట్టు చూశాడు. గడ్డం సగం నెరిసింది, మెడ ఎండకు నల్లబడింది. నేను తాడు విసిరితే పట్టుకుని కట్టాడు. ముడి వేసి, విప్పి, మళ్ళీ వేశాడు.

"తిన్నవా?" అన్నాడు.

తినలేదన్నాను. లోపల అన్నం ఉందన్నాడు. నేను లోపలికి వెళ్ళలేదు. మంచె ఎక్కి వల తాడు అందుకున్నాను. ఆయన ఆపలేదు. ఇద్దరం కలిసే ఎత్తాం. పళ్ళెంలో పోశాను. భూతద్దం అవసరం లేకుండానే కనబడుతున్నాయి, పళ్ళెం నిండా నల్లటి కళ్ళు.

పళ్ళెం మంచె మీద దించాను. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. నా మొహం చూడకుండా, పళ్ళెంతో చెప్తున్నట్టు చెప్పాడు. ఒక్క వరద అనుకుని వచ్చాడు. రెండో ఏడు మారుమనిషిని పంపుతామన్నారు. మూడో ఏడు ఆ మాట కూడా అనలేదు. పోయిన చలికాలం జ్వరంతో పన్నెండు రోజులు పడుకుని, లేవలేక పాక్కుంటూ వెళ్ళి లెక్క పంపాడు. ఆ పన్నెండు రోజులూ అంకె మధ్యాహ్నం దాటి వచ్చింది. నాకు గుర్తుంది. ఆ జ్వరంలో నా గొంతు ఎలా ఉంటుందో గుర్తు చేసుకోబోతే రాలేదట.

"నీ మొగం యాదికుంది. గొంతే పోయింది. అది పోయినంక ఇగ ఏం మిగుల్తది అనుకున్న." వల తాడు చుట్టి పక్కన పెట్టాడు. "పదిహేను సున్నాలైనయ్. ఇంక ఆరే. ఠాణా ఎత్తేస్తరు, ఇంటికొస్త అనుకున్న."

తలుపులు మూస్తే ఈ పళ్ళెంలో ఉన్నవాటి సంగతేమిటని అడిగాను. లోపలికి వెళ్ళి బట్ట అట్ట వేసిన పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పదిహేను రోజుల అసలు లెక్క, అంతకుముందు తగ్గించి పంపిన రోజులది కూడా. ఏ జాతి ఎన్ని, ఎంత పొడుగు, నీళ్ళ రంగు ఏమిటి, అన్నీ ఉన్నాయి. సున్నా పంపిన ప్రతిరోజూ పొద్దునా సాయంత్రం వల వేసి లెక్కపెట్టాడు. ఒక్క పూట మానలేదు.

కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఇరవై నాలుగో రోజున నేను అనుకున్న మాట ఆయనకు చెప్పాను, ఆ చెప్పుల సంగతి కూడా. అది విని అప్పుడు నా వైపు తిరిగాడు. అప్పుడు ఏడ్చాం. ముత్తయ్య తెప్ప కడగాలని ఏటి అవతలి పక్కకు వెళ్ళిపోయాడు.

వరద, 34వ రోజు

పొద్దున ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. నేను బొచ్చెలు, ఆయన మిగతావి. 1,385.

తీగ దగ్గర ఆయన నన్ను కూర్చోమన్నాడు.

"నువ్వు కొట్టు. నా చేతికి సున్నా అలవాటైంది."

"నేను పంపితే నీ తప్పు నేను దిద్దినట్టయితది. నువ్వే పంపు."

ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. పదిహేను సున్నాల తర్వాత వెయ్యి మూడు వందల ఎనభై అయిదు వెళ్తే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. పుస్తకం చూపించాలి. పంపకుండా ఇంకో ఆరు రోజులు కూర్చుంటే ఎవరూ రారు. గుడిసెలో రెండు పళ్ళేలు, రెండు గ్లాసులు ఉన్నాయి. నిన్న సాయంత్రం ఆ రెండో పళ్ళెంలో తిన్నాను.

ఆయన ఒక్కో అంకె ఆగి ఆగి కొట్టాడు. నాలుగూ అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

వరద, 36వ రోజు

పట్నం నుంచి సభ అధికారిణి పడవలో వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఉప్పునీళ్ళలో కడిగీ కడిగీ చేతులు పగిలి ఉన్నాయి. ఎవరినీ కేకలెయ్యలేదు. తానే మంచె ఎక్కి వల ఎత్తించి, భూతద్దం అడిగి, చాలాసేపు చూసింది. ఇంతకుముందెప్పుడూ నూలుపిల్లని చూడలేదట.

తర్వాత ఓదెలు పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివింది. వాళ్ళ పట్నంలో మంచినీళ్ళు మనిషికి రోజుకు రెండు చెంబులని, ఇరవై ఒకటో సున్నా కోసం వీధిలో పిల్లలు కూడా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారని, తనూ పెట్టానని చెప్పింది. అందులో నిష్ఠూరం లేదు. అలసట ఉంది.

తలుపులు తెరిచే ఉంటాయని తీర్పు రాసింది. నీళ్ళకు ఇంకో దారి వెతుక్కుంటాం అంది. ఓదెలు దొంగ లెక్క పంపినందుకు ఠాణా పని నుంచి తొలగింపు, మన్యంలో కాలువ పనికి రెండు వరదలు. నిజం తానే పంపాడు కాబట్టి రెండు, లేకపోతే ఏడు. వరద తగ్గి ఎడ్ల పడవ నడిచే రోజున బయల్దేరాలి.

దిబ్బ లెక్క ఎవరు చూస్తారని అడిగింది. ఎవరూ చూడకపోతే సున్నాయే కదా, మళ్ళీ తలుపుల మాట వస్తుంది. ఏటి మొత్తానికీ లెక్క తెలిసినవాళ్ళం ముగ్గురం. ఒకామె ఆనని కళ్ళతో ఎగువ లెక్క నెట్టుకొస్తోంది, ఒకాయన్ని తీసేశారు.

నేను ఉంటానన్నాను. ఓదెలు నేల వైపు చూస్తూ తల ఊపాడు. వేరే జవాబు చెప్పి ఉంటే ఆయనే ఒప్పుకునేవాడు కాదు.

వరద, 45వ రోజు

నా లెక్క 960. వాన తగ్గింది.

ఈ తొమ్మిది రోజుల గురించి పెద్దగా రాయలేదు. రాయడానికి తీరికా లేదు, మనసూ లేదు. పొద్దున లెక్క, వల ఆరెయ్యడం, పులుసు, సాయంత్రం లెక్క. నడుమ మాట్లాడుకుంటూనే ఉన్నాం. పెద్ద సంగతులేమీ కావు. ఇంటి వెనక చింతచెట్టు కొమ్మ విరిగిందని, లింగవ్వ కోడి పొదుగుడు మానిందని, ఇక్కడ ఇసకలో తాబేళ్ళు ఎక్కడ గుడ్లు పెడతాయని. నేను ఏదో చెప్తుంటే ఆయన పని ఆపి కళ్ళు మూసుకుంటాడు. వింటున్నావా అంటే, గొంతు నింపుకుంటున్న అంటాడు.

ఈ రోజు వలలో అరవేలంత పిల్ల ఒకటి పడింది. ఒడ్డు మడుగులో పెరిగి మళ్ళీ ఏట్లోకి వచ్చింది. వేళ్ళ మధ్య పట్టుకుంటే గట్టిగా తన్నింది. ఇద్దరం నవ్వాం.

వరద, 53వ రోజు

ఎడ్ల పడవ నిన్న వచ్చింది. ఈ పొద్దున బయల్దేరింది.

ఓదెలు సంచిలో రెండు పంచెలు, ఒక దుప్పటి. వల ఎక్కడ తొందరగా చిరుగుతుందో, ఏ గాలికి మంచె ఊగుతుందో మరోసారి చెప్పాడు. అన్నీ ఇంతకుముందు చెప్పినవే. రెండు వరదలంటే ఎంత, నాలుగు చూసినం కదా అన్నాడు. నేను అవునన్నాను. చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాను. ఆయనకు సాయం అవసరం లేదు, అయినా పట్టుకున్నాడు.

దిగువకు పోయే తెప్ప చూస్తుండగానే మాయమవుతుంది. ఎదురెక్కే పడవ అలా కాదు. ఒడ్డున ఆరు ఎడ్లు తాడు లాగుతుంటే అడుగు ముందుకు, అరడుగు వెనక్కు. ఆయన చివరన నిలబడి ఇటే చూస్తున్నాడు. మొహం కనబడుతోంది. పావుగంట అయ్యాక కూడా మొహం కనబడుతోంది.

లెక్క వేళయింది. మంచె ఎక్కి వల దించాను. ఎత్తాను, పళ్ళెంలో పోశాను, లెక్కపెట్టాను. ఏడు వందల పన్నెండు. మధ్యలో ఒకసారి తప్పి మొదటికి వచ్చాను. పిల్లల్ని ఏట్లో వదిలి, తీగ మీద అంకె కొట్టి, బయటికి వచ్చి చూశాను.

పడవ ఇంకా మలుపు దాటలేదు. మొహం తెలియడం లేదు. చివరన నిలువుగా ఒక నలుపు ఉంది. చెయ్యెత్తాను. కొంచెం ఆలస్యంగా ఆ నలుపులోంచి సన్నగా ఒకటి పైకి లేచింది.

పళ్ళెం కడిగి బోర్లించాను. పొయ్యి మీద ఎసరు పెట్టాను. మళ్ళీ వచ్చి చూశాను. ఎడ్లు లాగుతూనే ఉన్నాయి, పడవ అక్కడే ఉన్నట్టుంది.